పెద్ద ప్రొజెక్షన్ టీవీలో బొమ్మ నాణ్యతను అంచనా వేసేదెలా?

సంక్షిప్తంగా

రియర్ ప్రొజెక్షన్ టీవీలో బొమ్మ తెర మీద పుట్టదు. డబ్బా అడుగున చిన్నగా తయారై, అద్దం మీదుగా తెరకు చేరి పెద్దదవుతుంది. అందుకే దాని నాణ్యతను అట్టపెట్టె మీది అంకెల కంటే, తెర వెలుగును ఏ వైపుకు పంచుతుందన్నది, చూసేవారి కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయన్నది, గదిలో ఎంత వెలుతురు పడుతుందన్నది ఎక్కువగా నిర్ణయిస్తాయి. పాత సెట్టయితే దీపం లేదా ట్యూబుల వయసు వీటికి తోడవుతుంది. నేల మీద కూర్చుని చూసే ఇళ్లు, 40 డిగ్రీలు దాటే ఎండ, దుమ్ము, చెప్పకుండా పోయే కరెంటు ఉన్న రాయలసీమ ఊళ్లలో వీటిని ఒక్కొక్కటిగా పరిశీలించాకే బేరానికి దిగడం మంచిది.

పాత పెద్ద తెరలు అంగళ్లలోకి

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కర్నూలు, అనంతపురం, కడప నగరాల్లోని ఎలక్ట్రానిక్స్ దుకాణాలు 55, 65 అంగుళాల తెరలను ముందు వరుసలో నిలబెట్టడం అంతకు ముందే మొదలైంది. కొత్తది కొన్నవారు పాతదాన్ని వదిలించుకుంటారు. లాడ్జీలు, క్లబ్బులు, ఫంక్షన్ హాళ్లు ఒకప్పుడు క్రికెట్ మ్యాచుల కోసం కొన్న పెద్ద ప్రొజెక్షన్ సెట్లు కూడా ఇలాగే సెకండ్ హ్యాండ్ అంగళ్లకు చేరుతుంటాయి. 60 అంగుళాల తెర, పేరున్న కంపెనీ, చేతికందే ధర కలిసేసరికి చూసినవారికి ఆశ పుట్టడం సహజం.

గందరగోళానికి ఇంకో కారణం ఉంది. ఇప్పుడు 'లేజర్ టీవీ' పేరుతో అమ్ముతున్నవి చాలావరకు గోడకు దగ్గరగా పెట్టే ప్రొజెక్టర్లు. అవి తెర ముందు వైపు నుంచి వెలుగు చిమ్ముతాయి. రియర్ ప్రొజెక్షన్ టీవీ అలా కాదు. దీపం, అద్దం, తెర అన్నీ ఒకే డబ్బాలో ఇమిడి, వెలుగు తెర వెనక నుంచి వస్తుంది. ఈ రెండింటిలో ఒకదాని గుణదోషాలను మరొకదానికి అంటగడితే అంచనా మొదట్లోనే తప్పుతుంది.

ఈ రకం టీవీల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. సోనీ తాను తప్పుకుంటున్నట్టు 2007 డిసెంబరులో ప్రకటించింది. చివరి వరకూ నిలబడిన మిత్సుబిషి 2012 డిసెంబరులో విరమించుకుంది. అంటే ఇప్పుడు అంగట్లో కనిపించే సెట్టు చూడటానికి ఎంత కొత్తగా ఉన్నా దాని వయసు పదేళ్లు దాటినట్టే.

డబ్బా లోపల మూడు తీరులు

అన్నిటికంటే పాతది ట్యూబుల పద్ధతి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కొక్కటి చొప్పున సాధారణంగా 7 అంగుళాల పిక్చర్ ట్యూబులు మూడు వరుసగా ఉంటాయి. ట్యూబు ముఖానికీ లెన్సుకూ నడుమ వేడిని లాగేందుకు గ్లైకాల్ కలిసిన ద్రవం నింపుతారు. మూడు ట్యూబులూ మూడు చోట్ల నుంచి వెలుగు పంపుతాయి గనుక ఆ మూడు బొమ్మలూ తెర మీద ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవాలి. ఈ కూర్పునే కన్వర్జెన్స్ అంటారు. అది చెదిరితే తెల్లని అక్షరానికి ఒక పక్క ఎర్రటి అంచు, మరో పక్క నీలి అంచు కనిపిస్తాయి. నల్లని చోట ట్యూబు అసలు వెలగదు. చీకటి గదిలో ఈ సెట్ల నలుపు ఈనాటికీ మెచ్చుకోదగ్గదే. అయితే 7 అంగుళాల ట్యూబులో వెలుగు చుక్క లావుగా ఉంటుంది. హెచ్‌డీ బొమ్మలోని 1920 చుక్కలను అది విడివిడిగా చూపలేదు.

రెండోది డీఎల్‌పీ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీకి చెందిన లారీ హార్న్‌బెక్ 1987లో రూపొందించిన చిప్ దీనికి మూలం. ఆ చిప్ మీద లక్షల సంఖ్యలో అతి చిన్న అద్దాలు ఉంటాయి. 1280 × 720 చిప్ అయితే అద్దాల సంఖ్య 9,21,600. ఒక్కో అద్దం సెకనుకు వేల సార్లు అటూ ఇటూ వాలుతూ వెలుగును తెర వైపుకో పక్కకో మళ్లిస్తుంది. రంగులు మాత్రం ఒకేసారి రావు. దీపానికి ఎదురుగా తిరిగే రంగుల చక్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను ఒకదాని తర్వాత ఒకటి పంపుతుంటే మెదడు వాటిని కలుపుకుంటుంది. కొందరి కళ్లు ఈ కలయికలో వెనకబడతాయి. చూపు చటుక్కున తిప్పినప్పుడు వారికి తెల్లని వస్తువుల అంచున ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తాయి. ఇంట్లో నలుగురుంటే ఒక్కరికే అలా కనిపించవచ్చు. కాబట్టి సెట్టు చూడటానికి కుటుంబమంతా వెళ్లడం వృథా కాదు.

మూడోది ఎల్‌సీడీ, దాని దగ్గరి చుట్టమైన ఎల్‌కాస్. వీటిలో మూడు రంగులకు మూడు చిన్న ప్యానెళ్లు ఉంటాయి గనుక ఇంద్రధనుస్సు బెడద లేదు. ఎల్‌సీడీలో చుక్కల మధ్య సందులు దగ్గర నుంచి దోమతెరలాగా కనిపిస్తాయి. సోనీ ఎస్‌ఎక్స్‌ఆర్‌డీ పేరుతో, జేవీసీ హెచ్‌డీ-ఐఎల్‌ఏ పేరుతో తెచ్చిన ఎల్‌కాస్ సెట్లలో ఆ సందులు దాదాపు కనిపించవు; ఈ జాతి మొత్తంలో నునుపైన బొమ్మ వీటిదే అనుకోవచ్చు. కాలం గడిచేకొద్దీ వేడికి లోపల వెలుగును వడకట్టే పోలరైజర్ పొరలు చెడిపోయి తెర మీద పచ్చని, ఊదా రంగు మరకలు తేలడం వీటి పెద్ద జబ్బు. ఆ మరక రిమోట్‌తో పోదు. ప్యానెళ్లు, లెన్సులు కలిసి ఉండే లోపలి ఆప్టికల్ బ్లాకును మార్చవలసి వస్తుంది. దాని ఖర్చు సెట్టు ధరను మించుతుంది.

తెర ఒకరికి ఇచ్చేది ఇంకొకరి నుంచి తీసుకున్నదే

ప్రొజెక్షన్ టీవీ గురించి జరిగే చర్చల్లో అందరూ దీపం, చిప్, ట్యూబుల గురించి మాట్లాడతారు. బొమ్మను ఎక్కువగా మార్చేది మాత్రం తెర. పైకి ఒకటే ప్లాస్టిక్ పలకలా కనిపించినా అందులో కనీసం రెండు పొరలుంటాయి. లోపలి పొర ఫ్రెనెల్ లెన్సు. వలయాకారపు సన్నని గాడులతో, విచ్చుకుంటూ వచ్చే కిరణాలను నేరుగా ముందుకు తిప్పుతుంది. బయటి పొర లెంటిక్యులర్ షీటు. నిలువు గాడులతో ఆ వెలుగును కుడి ఎడమలకు విస్తరింపజేస్తుంది. పైకీ కిందికీ మాత్రం వెలుగు అంతగా విస్తరించదు. సోఫాలో పక్కపక్కన కూర్చున్నవారి కళ్లు ఒకే ఎత్తులో ఉంటాయి, పైకప్పుకూ నేలకూ వెలుగు పంపడం దండగ అన్నది దీని వెనక లెక్క. తెర కొత్తగా వెలుగును పుట్టించదు. ఎదురుగా ఉన్నవారికి బొమ్మ ప్రకాశవంతంగా కనిపించేలా, పైనా కిందా ఉన్నవారి వాటాను తగ్గిస్తుంది.

ఈ లెక్క రాయలసీమ ఇంట్లో సరిపోదు. ఒకరు మంచం మీద, ఒకరు కుర్చీలో, మిగిలినవారు బండపరుపు మీద చాప వేసుకుని కూర్చునే ఇల్లు ఇక్కడ మామూలే. టేబుల్ మీద పెట్టే 60 అంగుళాల సెట్టు నడిబొడ్డు నేల నుంచి సుమారు 105 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 3 మీటర్ల దూరంలో నేల మీద కూర్చున్న పెద్దవారి కళ్లు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే తేడా 6 డిగ్రీలకు మించదు; బొమ్మ బాగానే కనిపిస్తుంది. అదే దూరంలో దిండు వేసుకుని పడుకున్నవారికి ఆ తేడా 13 డిగ్రీల దాకా పెరుగుతుంది. తెరకు ఒకటిన్నర మీటర్ల దగ్గరికి జరిగి కూర్చునే పిల్లల సంగతి వేరు. వారి కళ్లు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే తెర పై అంచును దాదాపు 29 డిగ్రీల ఏటవాలుగా చూడవలసి వస్తుంది. అప్పుడు పైభాగం చీకటిపడినట్టు, కింది భాగం మాత్రమే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. పాత ట్యూబుల సెట్లలో ఈ తేడా మరీ ఎక్కువ. లేచి నిలబడితే చాలు, బొమ్మ మసకబారుతుంది.

దుకాణంలో అందరూ నిలబడే చూస్తారు. అమ్మేవారు సెట్టును ఎత్తైన బల్ల మీద పెడితే నిలబడ్డ కంటికి బొమ్మ వెలిగిపోతుంది. ఇంట్లో దాన్ని చూసేది కూర్చున్న కన్ను. కాబట్టి దుకాణంలోనే స్టూలు అడిగి కూర్చుని, తర్వాత నేల మీద కూడా ఒకసారి కూర్చుని చూడటం మొహమాటపడవలసిన పని కాదు. కొన్నాక స్టాండు ఎత్తు తగ్గించి, తెర మధ్యభాగాన్ని ఇంట్లో ఎక్కువ మంది కళ్ల ఎత్తుకు తెస్తే, ఏ సెట్టింగూ ఇవ్వలేనంత మార్పు వస్తుంది.

తెర నాణ్యతలో ఇంకో లోపం తెల్లని బొమ్మల్లో బయటపడుతుంది. మేఘాలు, తెల్ల పంచెలు, సున్నం గోడలు కనిపించే సన్నివేశాల్లో ధర్మవరం పట్టు మీద వెలుతురు పడ్డప్పటి మెరుపులాంటి సన్నని రవ్వలు తెరంతా కదలకుండా నిలిచి ఉంటే, అది సిగ్నల్ దోషం కాదు. తెర పొరల్లోని సూక్ష్మమైన గరుకుదనం వల్ల అలా కనిపిస్తుంది. బొమ్మ కదులుతున్నా ఆ రవ్వలు కదలకపోవడమే గుర్తు.

కాంట్రాస్ట్ అంకెకు గదిలో ఏం మిగులుతుంది?

ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద అంకె కాంట్రాస్ట్‌దే. తెర పూర్తిగా తెల్లగా ఉన్నప్పటి వెలుగును పూర్తిగా నల్లగా ఉన్నప్పటి వెలుగుతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. ఉదాహరణకు ఒక సెట్టు తెలుపు చదరపు మీటరుకు 400 కాండెలాలు (వెలుగు తీవ్రతకు కొలమానం), నలుపు 0.1 కాండెలా అనుకుంటే నిష్పత్తి 4000:1. ఇది చీకటి గదిలో కొలిచినది. మిద్దె ఇంటి పైకప్పులోని గవాక్షం నుంచో, తెరిచిన తలుపు నుంచో వచ్చే వెలుతురు తెర మీద పడి మరో 4 కాండెలాలు వెనక్కి కొట్టిందనుకుందాం. తెలుపు 404 అవుతుంది, నలుపు 4.1 అవుతుంది, నిష్పత్తి 100:1 కంటే తక్కువకు పడిపోతుంది. పక్కనున్న సెట్టు కాంట్రాస్ట్ 10,000:1 అని రాసి ఉన్నా ఆ గదిలో దాని గతీ ఇంచుమించు అంతే. పగటి పూట బొమ్మ బాగుండాలంటే కాంట్రాస్ట్ అంకె కంటే తెర నలుపుదనం, తెర ముందు మెరిసే రక్షణ పలక లేకపోవడం ముఖ్యం. మెరిసే పలక ఉన్న సెట్టులో, ఎదురుగోడ కిటికీ కూడా బొమ్మలో భాగమవుతుంది.

చీకటి గదిలోనూ ఒక్క నిష్పత్తితో కథ ముగియదు. ట్యూబుల సెట్టులో పూర్తి నలుపు అద్భుతంగా ఉంటుంది. కానీ అదే బొమ్మలో ఒక మూల ప్రకాశవంతమైన దీపం ఉంటే, లెన్సుల్లోనూ ద్రవంలోనూ వెలుగు చెదిరి చుట్టుపక్కల నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. డీఎల్‌పీలో దీనికి తలకిందులు. పూర్తి నలుపు కాస్త బూడిదగా ఉన్నా, వెలుగూ నీడా కలిసిన బొమ్మలో తేడా స్పష్టంగా నిలుస్తుంది. కొన్ని సెట్లలో చీకటి సన్నివేశం రాగానే వెలుగు దారిని ముడుచుకునే ఐరిస్ ఉంటుంది. ప్రకటనలోని భారీ అంకెల్లో చాలా భాగం దాని చలవే. మంచి ఐరిస్ పని చేస్తున్నట్టే తెలియదు. నాసిరకం ఐరిస్ అయితే సన్నివేశం మారినప్పుడల్లా వెలుగు ఊపిరి తీసినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

దూరమూ సిగ్నలూ కలిసి నిర్ణయించేది

16:9 నిష్పత్తి గల 60 అంగుళాల తెర వెడల్పు దాదాపు 133 సెంటీమీటర్లు, ఎత్తు 75 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో 1080 వరుసలుంటే ఒక్కో వరుస 0.7 మిల్లీమీటర్లు, 720 ఉంటే సుమారు 1 మిల్లీమీటరు, మామూలు ప్రసారంలోని 576 వరుసలైతే 1.3 మిల్లీమీటర్లు. ఆరోగ్యవంతమైన కన్ను డిగ్రీలో 60వ వంతు కోణాన్ని వేరుచేసి చూడగలదన్న లెక్క ప్రకారం, 1080 వరుసలు విడివిడిగా కనిపించడం 2.4 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. 720కి అది 3.6 మీటర్లు, 576కి దాదాపు 4.5 మీటర్లు. కాబట్టి నాలుగు మీటర్ల దూరంలో కూర్చునే గదిలో 1080 సెట్టుకూ 720 సెట్టుకూ స్పష్టతలో తేడా కంటికి తెలియదు. ఆ తేడా కోసం అదనంగా చెల్లించే డబ్బుకు అర్థం లేదు. పది అడుగుల గదిలో మూడు మీటర్లలోపే కూర్చుంటే తేడా తెలుస్తుంది. దాంతోపాటు మామూలు చానళ్ల లోపాలూ అంతే స్పష్టంగా తెలుస్తాయి.

ఈ రెండో మాటను దుకాణాలు ఎత్తవు. అక్కడ ఆడించేది ఎప్పుడూ మేలురకం డెమో వీడియోనే. ఇంటికి వచ్చేది కేబుల్, డీటీహెచ్ లేదా ఏపీ ఫైబర్‌నెట్ బాక్సు నుంచి వచ్చే సిగ్నల్. కేబుల్ ప్రసారాలు దశలవారీగా డిజిటల్ అయ్యాక చుక్కల వాన పోయింది గానీ, దాని స్థానంలో గళ్లుగళ్లుగా విరిగే బొమ్మ వచ్చింది. తక్కువ బిట్ రేటుతో, అంటే సెకనుకు తక్కువ డేటాతో, వచ్చే చానల్‌లో గుంపు నృత్యమో, జాతర రద్దీయో కనిపించినప్పుడు ఈ గళ్లు బయటపడతాయి. 29 అంగుళాల టీవీలో కనబడని ఈ లోపం 60 అంగుళాల తెర మీద దాక్కోలేదు. సెట్టు లోపలి స్కేలర్, అంటే 576 వరుసలను 720కో 1080కో సాగదీసే భాగం, ఎంత మంచిదైతే ఈ గరుకుదనం అంత తక్కువగా కనిపిస్తుంది. సెట్టు చూడటానికి వెళ్లేటప్పుడు వీలుంటే ఇంట్లోని బాక్సునే తీసుకెళ్లి తగిలించి చూడాలి. కుదరకపోతే కనీసం నాసిరకంగా వచ్చే చానల్ పెట్టమని అడగాలి.

అరగంటలో బయటపడే లోపాలు

పరిశీలనకు ముందు పిక్చర్ మోడ్‌ను డైనమిక్ నుంచి స్టాండర్డ్‌కో సినిమాకో మార్చాలి. డైనమిక్ మోడ్‌లో తెలుపు నీలం వైపు మొగ్గుతుంది. ట్యూబ్‌లైట్ల వెలుగులో చూపరులను ఆకట్టుకోవడానికే అలా పెడతారు. ప్రసారాల తయారీలో ప్రమాణంగా తీసుకునే తెలుపు 6500 కెల్విన్ల (తెలుపు పసుపు వైపు ఉందో నీలం వైపు ఉందో చెప్పే కొలత) వద్ద ఉంటుంది. దాని పక్కన డైనమిక్ తెలుపు చలువబట్టలకు నీలిమందు ఎక్కువైన తీరుగా ఉంటుంది. సెట్టును ఇరవై ముప్పై నిమిషాలు వేడెక్కనివ్వాలి. పాత ట్యూబుల సెట్టు చల్లగా ఉన్నప్పుడు చూపే కన్వర్జెన్స్, వేడెక్కాక చూపేది ఒకటి కావు.

తెలుగు వార్తా చానళ్ల కింద పరుగెత్తే స్క్రోలింగ్ చాలా పనికొచ్చే పరీక్ష. 'కర్నూలు'లోని నావత్తు, 'రాష్ట్రం'లో ఒకదాని కింద ఒకటి చేరిన వత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయా, తలకట్టు చుట్టూ తెల్లని అంచు గీసినట్టు ఉందా అన్నది చూస్తే ఫోకస్, షార్ప్‌నెస్ రెండూ తెలిసిపోతాయి. తెల్లని అంచు ఉంటే షార్ప్‌నెస్‌ను కృత్రిమంగా పెంచారని అర్థం. తగ్గించి మళ్లీ చూడాలి. స్క్రోలింగ్ పట్టీ మూలల దగ్గర వంగితే బొమ్మ రేఖలు చెదిరినట్టు. పట్టీ కింది భాగం తెగిపోతే ఓవర్‌స్కాన్ ఎక్కువన్నట్టు. ఈ సెట్లు బొమ్మ అంచులను నాలుగు వైపులా కొంత కత్తిరించడం మామూలే గానీ, అక్షరాలు తెగేంత కత్తిరింపు మామూలు కాదు.

చానల్ లోగో, స్క్రోలింగ్ పట్టీ ఇంకో విషయాన్నీ చెబుతాయి. లాడ్జి రిసెప్షన్‌లో రోజంతా ఒకే వార్తా చానల్ ఆడించిన ట్యూబుల సెట్టులో ఆ పట్టీ, ఆ లోగో ట్యూబు లోపల వెలుగునిచ్చే ఫాస్ఫర్ పొర మీద ముద్రపడి ఉంటాయి. చానల్ మార్చి తెల్లని లేదా బూడిదరంగు బొమ్మ పెడితే పాత పట్టీ నీడలా తేలుతుంది. 4:3 బొమ్మను పక్కల నల్ల పట్టీలతో ఏళ్ల తరబడి చూసినా మధ్యభాగం అరిగి, పక్కలు ప్రకాశవంతంగా మిగులుతాయి. దీనికి మందు లేదు. డీఎల్‌పీ, ఎల్‌కాస్ సెట్లకు ఈ బెడద లేకపోయినా డీఎల్‌పీలో ఇరుక్కుపోయిన అద్దాలు కదలని తెల్ల చుక్కలుగానో నల్ల చుక్కలుగానో కనిపిస్తాయి. అలాంటివి మొదలైతే క్రమంగా పెరుగుతాయి.

క్రికెట్ మైదానం మీద కెమెరా అడ్డంగా తిరిగినప్పుడు పచ్చిక రంగు మధ్యలో ఎక్కువ వెలిగి అంచుల్లో తగ్గితే హాట్ స్పాట్ ఉన్నట్టు. వాహినీ, విజయా కాలం నాటి నలుపు తెలుపు సినిమా పెడితే రంగుల సమతుల్యత తేలుతుంది. నీడల్లో పచ్చదనం, వెలుగులో ఎర్రదనం కనిపించకూడదు. రాత్రి సన్నివేశంలో నల్ల కోటు మడతలు కనిపించాలి, కోటు మాత్రం బూడిదగా మారకూడదు.

ఫీచర్ల జాబితాలో పనికొచ్చేవి

ఫీచర్లలో ముందుగా చూడవలసింది సెట్టు వెనక వైపు. హెచ్‌డీఎంఐ లేకుండా పసుపు, ఎరుపు, తెలుపు ఏవీ పిన్నులు మాత్రమే ఉంటే, నేటి బాక్సును కన్వర్టర్‌తో తగిలించినా బొమ్మ మామూలు నాణ్యతకే పరిమితమవుతుంది. తొలి 1080 డీఎల్‌పీ సెట్లు కొన్ని తెర మీద 1080పీ (ప్రతిసారీ అన్ని వరుసలూ) చూపినా, లోపలికి 1080ఐ (ఒకసారికి సగం వరుసలే వచ్చే) సిగ్నల్‌నే తీసుకుంటాయి. హెచ్‌డీ రెడీ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన అది 1080 సెట్టు కానక్కర లేదు.

కొన్ని ఫీచర్లు ఇక్కడ అలంకారాలే. 3:2 పుల్‌డౌన్ అనేది సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 60 హెర్ట్‌జ్ ప్రసారం నుంచి తిరిగి రాబట్టే ఏర్పాటు. మన ప్రసారాలు 50 హెర్ట్‌జ్‌వి. ఇక్కడ సినిమాను సాధారణంగా సెకనుకు 25 ఫ్రేములుగా కాస్త వేగం పెంచి చూపుతారు. అలా 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో ముగుస్తుంది, పుల్‌డౌన్‌కు పని ఉండదు. ఒక మూల ఇంకో చానల్ చూపే పిక్చర్ ఇన్ పిక్చర్ కూడా అంతే. అన్ని చానళ్లూ ఒకే బాక్సు నుంచి వస్తున్నప్పుడు రెండో ట్యూనర్‌కు సిగ్నలే అందదు. డబ్బా పెద్దది కావడం వల్ల స్పీకర్ల ధ్వని మాత్రం నేటి పలుచని టీవీల కంటే నిండుగా ఉంటుంది. దీన్ని ఎవరూ ఫీచర్‌గా రాయకపోవడం విచిత్రం.

సెట్టు ఏ దేశం కోసం తయారైందన్నది అడగాలి. అమెరికా సెట్లు 120 వోల్టులవి, 60 హెర్ట్‌జ్‌వి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా చాలా సెట్లు మన 50 హెర్ట్‌జ్ సిగ్నల్‌ను చూపవు. పాత కడప జిల్లా పల్లెల నుంచి కువైట్ వెళ్లినవారు తెచ్చిన టీవీలకు, అక్కడా 240 వోల్టులు, మన దగ్గరి పాల్ ప్రసార పద్ధతే గనుక ఈ చిక్కు ఉండేది కాదు. అయినా 90 కిలోల ప్రొజెక్షన్ సెట్టు విమానం ఎక్కే సరుకు కాదు.

ఎండ, దుమ్ము, కరెంటు

డీఎల్‌పీ, ఎల్‌సీడీ, ఎల్‌కాస్ సెట్లలో ఎక్కువ భాగం యూహెచ్‌పీ అనే పాదరసపు దీపంతో పని చేస్తాయి. సాధారణంగా 100 నుంచి 180 వాట్ల ఈ దీపంలో పీడనం వాతావరణ పీడనానికి 200 రెట్లు. వెలుగు పుట్టే చోటు మిల్లీమీటరు పొడవే. అంత చిన్న చోట పుట్టే వేడిని ఫ్యాన్ ఎప్పటికప్పుడు లాగేయాలి. టీవీని రిమోట్‌తో ఆపినా ఫ్యాన్ ఒకటి రెండు నిమిషాలు తిరుగుతూనే ఉండేది అందుకే. కరెంటు పోతే దీపంతోపాటు ఫ్యాన్ కూడా ఆగుతుంది. వేడంతా క్వార్ట్‌జ్ గొట్టంలోనే చిక్కుకుంటుంది. వెంటనే కరెంటు వస్తే, వేడిగా ఉన్న దీపం మళ్లీ అంటుకోదు. సెట్టు పలుమార్లు ప్రయత్నిస్తుంది. రోజుకు రెండు మూడు సార్లు ఇలా జరిగే ఊళ్లో, కంపెనీ చెప్పిన 6,000 లేదా 8,000 గంటల ఆయుష్షును నమ్ముకోలేము. పైగా ఆ గంటలు దీపం మాడిపోయేదాకా కాదు, వెలుగు సగానికి పడిపోయేదాకా లెక్కించినవి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే టీవీ లైనును దానికి కలపడం దీపానికి మేలు. స్టెబిలైజర్ వోల్టేజీని సరిచేస్తుందే గానీ కోత నుంచి కాపాడదు.

చాలా పరికరాల మాన్యువళ్లు పని చేయదగ్గ గరిష్ఠ ఉష్ణోగ్రతగా 35 లేదా 40 డిగ్రీలను చెబుతాయి. మే నెలలో కడపలో, కర్నూలులో నీడపట్టునే అంత ఉంటుంది. సెట్టును గోడకు ఆనించి, మీద గుడ్డ కప్పి ఉంచితే గాలి దారి మూసుకుపోయి సెట్టు తనంతట తాను ఆగిపోతుంది. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో వేసవి గాలితో వచ్చే సన్నని దుమ్ము ఫిల్టర్‌ను మూసేస్తుంది, లోపలి అద్దం మీద పేరుకుంటుంది. అద్దం మసకబారిన సెట్టును చూసి దీపం పోయిందనుకుని కొత్త దీపం కొనడం తరచుగా జరిగే పొరపాటు. ఆ అద్దానికి లోహపు పూత పైవైపునే ఉంటుంది గనుక ఇంట్లో అద్దంలా తడిగుడ్డతో రుద్దితే పూతే ఊడివస్తుంది; మెత్తని బ్రష్‌తోనో గాలి ఊదియో దుమ్ము తీయాలి.

ట్యూబుల సెట్టుకు దీపం బాధ లేదు గానీ ద్రవం బాధ ఉంది. వెనక పలక తీయించి లెన్సులోకి టార్చి వేసి చూస్తే తేట ద్రవమా, మురిగిన ద్రవమా తెలుస్తుంది. మురిగితే తెల్లని అక్షరాల చుట్టూ పొగలాంటి వలయం వస్తుంది. కారితే కింద ఉన్న సర్క్యూట్ బోర్డు మీద పడి కన్వర్జెన్స్ ఐసీలను కాల్చేస్తుంది. ఈ పలక తీసే పని మెకానిక్ చేయాలి. ట్యూబుల్లో వేల వోల్టులుంటాయి.

కొత్త ఎల్‌ఈడీ పక్కన నిలబెడితే

నేటి 55 అంగుళాల 4కే ఎల్‌ఈడీ టీవీ బరువు 20 కిలోల లోపే. గోడకు తగిలించవచ్చు, నిలబడ్డవారికీ కూర్చున్నవారికీ ఇంచుమించు ఒకే బొమ్మ చూపుతుంది, పగటి వెలుతురులో తట్టుకుంటుంది. ట్యూబుల ప్రొజెక్షన్ సెట్టు నలుపులో చవక ఎల్‌ఈడీని ఇప్పటికీ ఓడించగలదు. అది చీకటి గదిలో, రాత్రి, సరైన ఎత్తులో కూర్చున్నవారికి మాత్రమే. దీపం సెట్టు ధరను కొత్త టీవీతో పోల్చేటప్పుడు కొత్త దీపం ధరను దానికి కలపాలి. కొత్త దీపం దొరకడమే కష్టం. దొరికినవాటిలో పాత కప్పులో నాసిరకం బల్బు బిగించినవి చాలా ఉంటాయి. చాలా సెట్ల మెనూలో దీపం వాడిన గంటల లెక్క చూపే పేజీ ఉంటుంది. బేరం ఆ పేజీ చూశాకే మొదలుపెట్టాలి.

ఇంటికి చేర్చే దారిలో

బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా టెంపోలో వచ్చే సెట్టును నిలువుగానే నిలబెట్టి తేవాలి. పడుకోబెడితే పెద్ద అద్దం బిగింపు సడలుతుంది, ట్యూబుల సెట్టులో ద్రవం కారే ప్రమాదమూ ఉంటుంది. మిద్దె మెట్ల మలుపు కొలత ముందే తీసుకోవాలి; 60 సెంటీమీటర్ల లోతున్న డబ్బాను మలుపు దగ్గర వాల్చక తప్పదనిపిస్తే కింది గదిలోనే పెట్టడం మేలు. ట్యూబుల సెట్టు దిశ మారితే భూమి అయస్కాంత క్షేత్రం ప్రభావం వల్ల కన్వర్జెన్స్ కొద్దిగా చెదురుతుంది. దుకాణంలో తూర్పుముఖంగా చక్కగా కనిపించిన బొమ్మ ఇంట్లో ఉత్తరముఖంగా పెట్టాక అక్షరాలకు రంగు అంచులు చూపితే అది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. అరగంట వేడెక్కనిచ్చి, రిమోట్‌లోని కన్వర్జెన్స్ మెనూలో గళ్ల బొమ్మ పెట్టి, ముందు మధ్యభాగాన్ని, తర్వాత మూలలను కూర్చితే సరిపోతుంది.